రోహిణి కార్తెలో కోడిపిల్లల షెడ్డు

మధ్యాహ్నం రెండు గంటలు. రోళ్లు పగిలే రోహిణి కార్తె. తణుకు దాటి కాలవగట్టు మీదుగా లోపలికి వస్తుంటే దారిలో మనిషన్నవాడు కనిపించడు. కాలవ కట్టేశారు, అడుగున మట్టి బీటలు తీసింది. కొబ్బరితోట చివర మలుపు తిరగ్గానే పొడుగాటి రేకుల షెడ్లు రెండు. పొడుగు గోడల మీద ఎండ నేరుగా పడకుండా తూర్పు పడమరలుగా కట్టారు. రేకుల మీద కొబ్బరి మట్టలు పరిచి, ఒక కుర్రాడు నిచ్చెన మీద నిలబడి పైపుతో నీళ్లు కొడుతున్నాడు. ఈ చివర తడిపి ఆ చివరకు వెళ్లేలోపు ఈ చివర ఆరిపోతోంది.

“ముందు చిన్నపిల్లల దగ్గరికే పదండి,” అంటాడు షెడ్డు చూసే పెద్దాయన. “పెద్దవాటిని చూసొచ్చి ఇటు రాకూడదండి. తెగుళ్లు మన కాళ్లకి అంటుకునే వస్తాయి.” గుమ్మం ముందు తొట్టిలో మందునీళ్లు. మీ చెప్పులు బయట వదిలి, వాళ్లిచ్చిన రబ్బరు బూట్లు తొడుక్కుని, రెండు కాళ్లూ అందులో ముంచి లోపల అడుగు పెడతారు.

ఊక వాసన, దాని వెనకే దాణా వాసన. కింద పరిచిన వరి ఊక మీద పాత న్యూస్‌పేపర్లు, వాటి మీద చల్లిన మెత్తటి దాణా, మధ్యమధ్య చిన్న డ్రింకర్లు. చుట్టూ రేకుతో కట్టిన గుండ్రటి చిక్ గార్డు. లోపల నాలుగు రోజుల పిల్లలు, గుడ్ల జాతివి. ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకోండి. యాభై గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. పొట్ట వెచ్చగా తగులుతుంది, గుండె కొట్టుకోవడం వేళ్లకు తెలుస్తుంది.

పైన బల్బులు వేలాడుతున్నాయి గానీ పగలంతా ఆపేసే ఉంచారు. ఈ ఈడు పిల్లకి ఒంట్లో వేడిని సొంతంగా అదుపు చేసుకునే శక్తి ఇంకా రాలేదు. మొదటి వారం దానికి 32 నుంచి 35 డిగ్రీలు కావాలి. ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. కోస్తాలో మే నెల ఉదయం తొమ్మిదింటికే ఆ 35 దొరికేస్తుంది. రాత్రి మూడింటికి మాత్రం 28కి పడిపోతుంది. అందుకని వేసవిలో వేడినిచ్చే బ్రూడర్ అక్కర్లేదని తీసేసిన వాళ్ల పిల్లలు పగలు వేడికీ తెల్లవారుజామున చలికీ రెండింటికీ చిక్కుతాయి. ఈ పెద్దాయన రాత్రి పదకొండుకి బల్బులు వేసి, తెల్లారాక ఆపుతాడట. థర్మామీటరు గోడకి లేదు. తాడుతో కట్టి పిల్ల వీపు ఎత్తులో వేలాడదీశాడు. అయినా దాన్ని పెద్దగా నమ్మడు.

“పిల్లలే చెబుతాయండి. బల్బు కింద గుట్ట పడితే చలి. గార్డు అంచుకి పోయి నోళ్లు తెరిస్తే వేడి. పళ్లెంలో బియ్యం చల్లినట్టు అంతటా సమంగా ఉంటే మన పని బాగున్నట్టు.”

ఇప్పుడు అంచుకే పోయాయి. థర్మామీటరు 39 చూపిస్తోంది. పెద్దాయన గార్డు రేకులు విప్పి వలయాన్ని ఇంకాస్త వెడల్పు చేస్తాడు, గాలి వచ్చే పక్క పరదా నాలుగు వేళ్లు దించుతాడు. అయిదు నిమిషాల్లో పిల్లలు కొన్ని నీళ్ల దగ్గరికి కదులుతాయి. పుట్టిన కొత్తలో పిల్లలకి ఒక ధైర్యం ఉంటుంది. గుడ్డులోంచి వచ్చేటప్పుడు మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుని పుడతాయి; మొదటి రెండు మూడు రోజులు అదే ఆదుకుంటుంది. తల్లికోడి తిన్న దాణాలో ఎ, ఇ విటమిన్లు బాగా ఉంటే ఆ సొనలో అవీ ఉంటాయి. నాలుగో రోజుకి ఆ నిల్వ అడుగంటుతుంది. ఇక పిల్లకి దిక్కు ఆ పేపరు మీది దాణాయే.

రెండో షెడ్డుకి నడుస్తారు. మళ్లీ బూట్లు కడిగి, మళ్లీ మందునీళ్లు.

ఇక్కడ చప్పుడు తక్కువగా ఉంది. అది బాగోలేదు. మూడు వారాల పిల్లలు వేలల్లో ఉన్నచోట కిచకిచలకు మాట వినపడకూడదు. ఇవి నోరు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, ఊకను గీరి చల్లటి అడుగు పొరలో పొట్ట ఆనించి పడుకున్నాయి. మోకాళ్ల మీద కూచుని ఒకదాని గొంతు చూడండి. మెడ కింద చర్మం టపటపా కొట్టుకుంటోంది. థర్మామీటరు 41.

ఈ 41 దగ్గర ఒక ఇబ్బంది ఉంది. కోడి ఒంటి వేడి కూడా ఇంచుమించు అంతే, 41 నుంచి 42. బయట గాలి ఒంటికంటే చల్లగా ఉన్నంతసేపు వేడి దానంతట అదే బయటికి పోతుంది. రెండూ సమానమయ్యాక ఆ దారి మూసుకుపోతుంది. కోడికి చెమట గ్రంథులు లేవు. ఇక మిగిలింది ఊపిరి ఒక్కటే: గొంతు, ఊపిరితిత్తుల తడిని ఆవిరి చేసి వేడిని తోసెయ్యడం. అందుకే ఆ ఎగశ్వాస. కానీ అంత వేగంగా ఊపిరి వదిలితే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ కూడా కొట్టుకుపోతుంది. రక్తం క్షారం వైపు ఒరుగుతుంది. మూత్రంతో పాటు పొటాషియం, ఇతర లవణాలు పోతాయి. వేసవిలో నీళ్లలో తినే సోడా, పొటాషియం క్లోరైడు కలిపేది ఈ లోటు పూడ్చడానికే. అవి విటమిన్లు కావు. మందుల షాపులో రెండూ ఒకే పొట్లంలో కలిపి అమ్మడంతో రైతు రెండింటినీ ఒకటే అనుకుంటాడు.

“ఫాగర్లు వేయమంటారా?” అంటాడు పైనుంచి దిగొచ్చిన కుర్రాడు. పెద్దాయన ముందు ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూస్తాడు. తిరుగుతున్నాయి. అప్పుడు ఊఁ అంటాడు. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలికి అప్పటికే తడి ఎక్కువ. గాలి ఆడకుండా ఫాగర్లు నడిపితే తుంపర లోపలే నిలబడిపోతుంది, పిల్ల ఊపిరిలోని తడి ఆవిరి కాదు, ఉన్న ఒక్క దారీ సగం మూసుకుంటుంది. సిద్దిపేట, షాద్‌నగర్ వైపు పొడి ఎండల్లో ఫాగరు చేసే మేలు ఇక్కడ అంతగా చెయ్యదు. అక్కడి షెడ్డు చూసొచ్చి ఇక్కడ అలాగే నడుపుతామంటే కుదరదు.

ఇప్పుడు ఫీడర్లు చూడండి. పొద్దున వేసిన దాణా సగానికి పైగా అలాగే ఉంది. మీద ముక్కుతో కెలికిన గుర్తులు కూడా పెద్దగా లేవు. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. పిల్లకి అది తెలుసు గనక తినడం మానేస్తుంది. విటమిన్ల సంగతి మొదలయ్యేది సరిగ్గా ఈ మిగిలిపోయిన దాణా దగ్గర.

లెక్క చిన్నది. ఈ ఈడులో పిల్ల రోజుకి 24 గ్రాములు తినాలనుకోండి. ఎండకి 18 గ్రాములే తింది. అంటే ముప్పాతిక. దాణాలో విటమిన్ ఎంత పాళ్లలో కలిపినా పిల్ల కడుపులోకి పోయేది అందులో ముప్పాతికే. తక్కువ తిన్న పిల్లకి పూర్తి విటమిన్ అందాలంటే ఆ దాణాలో మూడో వంతు ఎక్కువ ఉండాలి. వేసవిలో “ఎక్స్‌ట్రా” వేయమని డాక్టర్లు చెప్పడానికి మొదటి కారణం ఇదే. పిల్లకి అది అదనం కాదు, దక్కాల్సిన వాటాయే.

రెండో కారణం సి విటమిన్. మనిషి దీన్ని ఒంట్లో తయారు చేసుకోలేడు. కోడి చేసుకుంటుంది, మూత్రపిండాల్లో. అందుకే దాణా పట్టికల్లో సి విటమిన్‌కి గడి ఉండదు; 1994లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి అచ్చేసిన కోళ్ల పోషకాల పట్టికలోనూ లేదు. మామూలు రోజుల్లో ఆ తయారీ సరిపోతుంది. ఎండ దెబ్బకి ఒత్తిడి హార్మోన్లు పెరిగి ఖర్చు ఎక్కువవుతుంది, తయారీ దానితో పరిగెత్తలేదు. కిలో దాణాకి 200 నుంచి 250 మిల్లీగ్రాములు, అంటే టన్నుకి పావుకిలో లోపు, కలిపితే పిల్ల తట్టుకునే శక్తి మెరుగవుతుందని ఎండ దేశాల్లో చాలాసార్లు తేలింది. ఇ విటమిన్ దీనికి తోడు. వేడికి కణాల పొరల్లోని కొవ్వు చెడిపోకుండా ఇ కాపాడుతుంది. ఆ పనిలో ఖర్చయిన ఇ ని మళ్లీ పనికొచ్చేలా చేసేది సి. పై పట్టికలో పిల్లలకి ఇ విటమిన్ కిలోకి 10 యూనిట్లు, ఎ విటమిన్ 1,500 యూనిట్లు. అవి లోపం రాకుండా ఉండటానికి చాలే కనీసపు అంకెలు, ఎండలో షెడ్డు నడిపే రైతు కోసం రాసినవి కావు. ఇప్పటి జాతుల కంపెనీలు ఇచ్చే గైడ్లలో ఎ విటమిన్ దానికి ఆరేడు రెట్లు కనిపించేది అందుకే.

అయితే మరీ గుమ్మరించడమూ కుదరదు. ఎ, డి, ఇ, కె నాలుగూ కొవ్వులో కరిగేవి. పేగు దగ్గర ఒకదానికొకటి పోటీ. ఎ మితిమీరితే డి, ఇ ఒంటికి పట్టవు. డి మితిమీరితే మూత్రపిండాల్లో సున్నం పేరుకుంటుంది. పక్క రైతు రెట్టింపు వేశాడని మనం మూడింతలు వేసే అలవాటు ఈ చుట్టుపక్కల బాగానే ఉంది. ఖర్చు సరే, పిల్లకి చేసే చెరుపు బయటికి కనపడదు.

బయటికి రండి. షెడ్డు వెనక ఇనుప స్టాండు మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. కుళాయి తిప్పి చెయ్యి పెట్టండి. వెంటనే తీసేస్తారు. ఈ నీళ్లు మీరు తాగరు, పిల్లా తాగదు. మామూలు రోజుల్లో పిల్ల తిన్న దాణాకి రెండింతల బరువు నీళ్లు తాగుతుంది. ఇలాంటి ఎండలో నాలుగింతలు కూడా తాగగలదు, నీళ్లు చల్లగా ఉంటే. కాలే నీళ్లలో ఏ కంపెనీ పౌడరు కలిపినా పైపులోనే నిలబడి ఉంటుంది. నిన్న ట్యాంకు చుట్టూ తడి గోనెసంచులు కట్టారు. ఇవాళ అవి ఎండి పెళుసెక్కాయి. కుర్రాడు వాటిని మళ్లీ తడిపి, పైపుల చివర మూతలు విప్పి వేడి నీళ్లు బయటికి వదిలేస్తాడు. పది నిమిషాలకి బోరు నీళ్లు వస్తాయి. లోపల నిపుల్స్ దగ్గర పిల్లల గుంపు చేరుతుంది. దీనికి పట్టింది పది నిమిషాలు, పైసా ఖర్చు లేదు.

రైతు బండి దిగుతాడు. చేతిలో సి విటమిన్ డబ్బా. “బాబాయ్, ఇది ట్యాంకులో వేసెయ్.”

“పొద్దున బ్లీచింగు వేశానండి అబ్బాయిగారూ. ఇప్పుడు వేస్తే రెండూ పోతాయి.”

పెద్దాయన చదువుకున్న రసాయన శాస్త్రం ఏమీ లేదు గానీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. క్లోరిన్ సి విటమిన్‌ని తినేస్తుంది, సి విటమిన్ క్లోరిన్‌ని చంపేస్తుంది. నీళ్లు శుభ్రపడవు, పిల్లకి విటమిన్ అందదు. వేడి నీళ్లలో, రాగి ఇనుము తగిలే చోట సి ఇంకా తొందరగా పోతుంది. అందుకే షెడ్డు లోపల నీడన ఒక చిన్న తెల్ల ట్యాంకు పెట్టుకున్నారు. అందులో క్లోరిన్ లేని నీళ్లు, పిల్లలు రెండు మూడు గంటల్లో తాగేసేంత మాత్రమే, తెల్లవారుజామున చల్లటి వేళ కలిపి వదులుతారు. సాయంత్రం దాకా మిగిలిన విటమిన్ నీళ్లు పారబోయాల్సిందే.

ఇప్పుడు గోడౌన్. ఇదీ రేకుల గదే, షెడ్డు మాదిరి కొబ్బరి మట్టల నీడ దీనికి లేదు. తలుపు తీయగానే వేడి ముఖానికి కొడుతుంది. కోళ్లు లేని గది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఒక పక్క మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు. మధ్యలో గ్రైండరు, మిక్సరు. కిటికీ పక్క బల్ల మీద చిన్న సంచులు: ఖనిజాల మిశ్రమం, కోలిన్ క్లోరైడు, మెథియోనిన్, ఉప్పు, సగం వాడిన ఏబీటూడీత్రీకే సంచి. మూతి రబ్బరు బ్యాండుతో చుట్టి ఉంది. కిటికీలోంచి పడే ఎండ సరిగ్గా దాని మీదే.

సంచిలో వేలు పెట్టి చూడండి. పసుపు పొడి వేలికి అంటుకుంటుంది. ఆ రంగు బి2 ది, రైబోఫ్లేవిన్‌ది. మార్కెట్లో దొరికే ఈ రకంలో గ్రాముకి మామూలుగా ఎ విటమిన్ 82,500 యూనిట్లు, బి2 50 మిల్లీగ్రాములు, డి3 12,000 యూనిట్లు, కె 10 మిల్లీగ్రాములు ఉంటాయి. టన్ను దాణాకి వంద గ్రాములు. పదివేలలో ఒక వంతు! ఈ గుప్పెడు పొడి టన్నంతా సమంగా పాకాలి. నేరుగా మిక్సర్లో పడేస్తే ఒక పిల్లకి పదింతలు, ఇంకో పిల్లకి సున్నా. అందుకని ముందు రెండు కిలోల మొక్కజొన్న పిండిలో చేత్తో కలిపి, దాన్ని పాతిక కిలోల్లో కలిపి, అప్పుడు మిక్సర్లోకి పోస్తారు.

వంద గ్రాముల లెక్కన బి2 కిలోకి 5 మిల్లీగ్రాములు పడుతుంది. పిల్లకి కనీసం కావాల్సింది 3.6. కాగితం మీద బాగానే మిగులుంది. మరి సంచి ఈ కిటికీ దగ్గర ఎన్నాళ్లుగా ఉంది? బి2 వేడికి బాగానే ఆగుతుంది, వెలుతురుకే ఆగదు. ఎ, ఇ గాలికీ వేడికీ పోతాయి. పక్కనున్న ఖనిజాల మిశ్రమంలో రాగి, ఇనుము, జింకు ఉన్నాయి. వాటితో కలిపి నిల్వ ఉంచితే విటమిన్లు ఇంకా వేగంగా చెడతాయి. కోలిన్ క్లోరైడు గాలిలోని తడిని లాగి ఆ తడిలోకే వీటినీ దింపుతుంది. వేసవి వచ్చిందని డోసు పెంచిన రైతే, డోసు నిల్వ ఉన్న గదిని ఎండలో వదిలేశాడు.

తవుడు సంచి మీద కాసేపు కూచోండి. విటమిన్ల కథ మొదలైందే తవుడు దగ్గర, కోళ్ల దగ్గర, ఇలాంటి ఎండ దేశంలోనే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జావాలోని బటావియాలో, ఇప్పటి జకార్తాలో, క్రిస్టియాన్ ఐక్మాన్ అనే డచ్చి డాక్టరు బెరిబెరి జబ్బుకి కారణం వెతుకుతున్నాడు. ప్రయోగం కోసం పెంచుతున్న కోళ్లకి మిలటరీ ఆసుపత్రిలో మిగిలిన పాలిషు బియ్యపు అన్నం పెట్టేవారు. కోళ్లకి కాళ్లు పడిపోయాయి. తర్వాత కొత్త వంటవాడు వచ్చి, మిలటరీ బియ్యం కోళ్లకి ఇవ్వనన్నాడు. ముడిబియ్యం వేశారు. కోళ్లు లేచి తిరిగాయి. ఆ తేడా బియ్యపు పైపొరలో ఉందని ఐక్మాన్ పట్టుకున్నాడు. అది ఒంటికి కావాల్సిన పదార్థమని తేల్చి చెప్పింది ఆయన తర్వాత వచ్చిన ఖ్రైన్స్. ఐక్మాన్‌కి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పదార్థమే ఇవాళ మనం బి1 అంటున్న థయామిన్. రక్తం గడ్డకట్టించే కె విటమిన్‌ని కూడా డెన్మార్క్‌లో హెన్రిక్ డామ్ కోడిపిల్లల్లోనే కనిపెట్టాడు.

ఇక్కడ బస్సెక్కితే గంటన్నరలో చేరే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరూ విటమిన్ సంచుల మీద ఉండాల్సిందే. కోడిపిల్లల్లో రక్తహీనతని ఆపే పదార్థం ఒకటి ఉందని 1940లో అమెరికాలో గుర్తించారు. అదే ఫోలిక్ ఆమ్లం. న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపించిన బృందం 1945 నాటికి దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. ఇవాళ గర్భిణులకి ఇచ్చే మాత్రల్లో ఉన్నదీ అదే, పిల్లల దాణాలో కిలోకి అర మిల్లీగ్రాము పైచిలుకు పడేదీ అదే. గోదావరి జిల్లాల్లో ఇన్ని కోళ్ల ఫారాలున్నాయి. ఆయన బొమ్మ ఉన్న ఫారం నాకింతవరకు కనపడలేదు.

“అబ్బాయిగారూ, ఒకసారి ఇలా రండి.” షెడ్డు లోపలినుంచి పెద్దాయన కేక.

మూల పిల్ల ఒకటి మిగతావాటితో లేవడం లేదు. మడమల మీద కూచుని, రెక్కలు ఊకకి ఆన్చి ముందుకు జరుగుతోంది. కళ్లు చురుగ్గానే ఉన్నాయి, ముక్కుతో అందిన దాణా తింటోంది. పెద్దాయన దాన్ని వెల్లకిలా తిప్పి మీకు చూపిస్తాడు. రెండు కాళ్ల వేళ్లూ లోపలికి ముడుచుకుపోయాయి. వేలితో సాగదీస్తే తెరుచుకుంటాయి, వదిలితే మళ్లీ ముడుచుకుంటాయి. వెతికితే అలాంటివి ఇంకొన్ని దొరికాయి.

రైతు వీడియో తీసి పశువుల డాక్టరుగారికి వాట్సాప్‌లో పంపుతాడు. ఫోను వెంటనే మోగుతుంది. “వేళ్లు లోపలికే ముడిచాయా, ఒక కాలు ముందుకి ఒక కాలు వెనక్కి చాపిందా?” “లోపలికేనండి, రెండూ.” “దాణా మీరే ఆడిస్తున్నారా? ఏబీటూ ఏ సంచిలోది?” రైతు గోడౌన్ కిటికీ వైపు చూస్తాడు. జవాబు చెప్పడానికి కాసేపు పడుతుంది.

డాక్టరుగారు అవతలినుంచి నిదానంగా చెబుతారు. కాళ్లు పడిపోవడానికి వేరే రోగాలూ ఉన్నాయి, వీడియో చూసి తేల్చకూడదు, రేపు రెండు పిల్లల్ని పట్టుకుని రండి, కోసి తొడ నరం చూస్తాను. బి2 తక్కువైతే ఆ నరం ఉబ్బి మెత్తబడి ఉంటుంది. ఈలోపు కొత్త సంచి తెరవండి, వాటికి నీళ్లలో బి-కాంప్లెక్స్ పట్టండి. ఇవాళో నిన్ననో ముడిచినవి లేస్తాయి. వారం దాటినవి లేవకపోవచ్చు. నరం చెడ్డాక విటమిన్ వెనక్కి తేలేదు.

పెద్దాయన వాటిని ఏరి వేరే గంపలో వేస్తాడు. లెక్క రాసే పుస్తకంలో ఆ పూట గీతలు కాస్త ఎక్కువగానే పడతాయి.

సాయంత్రం ఆరు. ఎండ కొబ్బరిచెట్ల వెనక్కి దిగింది, గాలి తిరిగింది. గోడౌన్‌లో కొత్త సంచి కోస్తారు. పాతది రైతు బయట పారబోయబోతే పెద్దాయన ఆపి, “పెద్దకోళ్ల దాణాలో...” అని నసుగుతాడు. రైతు వద్దంటాడు. ఈ రోజు ఆయన తీసుకున్న నిర్ణయాల్లో ఇది నాకు నచ్చింది. వంద గ్రాములు రెండు కిలోల పిండిలో, రెండు కిలోలు పాతికలో. మిక్సరు తిరుగుతుంది. సి విటమిన్ పైపొర వేసిన రకం తెచ్చాడు కాబట్టి దాణాలోనే పడుతుంది; మామూలు పొడి అయితే నీళ్లలోకే పోవాలి.

ఆరున్నరకి ఫీడర్లు నిండుతాయి. పొద్దున్నుంచి సరిగా తినని పిల్లలు ఒక్కసారిగా ముసురుతాయి. ఇప్పుడు మాట వినపడదు. మూడు వారాలు దాటిన పిల్లలకి వేసవిలో మేత వేళ ఇదీ, తెల్లవారుజామూ. పగలు పదింటినుంచి నాలుగింటిదాకా బలవంతంగా తినిపిస్తే అరుగుదల వేడి మధ్యాహ్నపు ఎండకి తోడవుతుంది. మొదటి వారం పిల్లలకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, వాటికి దాణా ఎప్పుడూ ముందుండాలి.

రాత్రి పది. చిన్నపిల్లల షెడ్డులో బల్బులు వేసే ముందు పెద్దాయన ఒక్కో వలయంలోంచి గుప్పెడు పిల్లల్ని తీసి, మెడ కింద మేతసంచి రెండు వేళ్లతో ఒత్తి చూస్తాడు. మీరూ ఒత్తండి. మెత్తగా, గుండ్రంగా ఉంటే తిని, తాగింది. గట్టిగా ఉంటే తింది గానీ నీళ్లు చాల్లేదు. ఏమీ తగలకపోతే దానికి పొద్దున కలిపిన విటమిన్ ఏదీ చేరనట్టే. ఇవాళ చేతికొచ్చిన వాటిలో ఎక్కువ మెత్తగానే ఉన్నాయి.

వేసవిలో కోడిపిల్లల్ని దించుకోబోయే రైతులకి నా మాట ఇది. విటమిన్ కొనే ముందు సంచి మీద తయారీ తేదీ చూడండి. మూడు నెలలు దాటిందైతే షాపతను ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనండి. తెరిచిన సంచిని ఖనిజాల పక్కన పెట్టకండి, మూతి కట్టి, వెలుతురు పడని చల్లటి గదిలో, కుదిరితే ఇంట్లోనే పెట్టుకోండి. ఆడించిన దాణా రెండు వారాల్లో అయిపోయేటంతే ఆడించండి. నీళ్ల ట్యాంకుకీ గోడౌన్‌కీ నీడ వేశాకే ఎక్స్‌ట్రా డోసు గురించి డాక్టరుగారిని అడగండి.